బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టండి: ఏజీఎం బ్యాటరీతో మూడో ఏడు

నాది స్టార్ట్-స్టాప్ కారు, అంటే సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనే ఆగి, తనే మళ్లీ అందుకునే రకం. అందులో ఏజీఎం బ్యాటరీ (ఆమ్లాన్ని గాజు పీచు పొరల్లో పీల్చి ఉంచే సీల్డ్ రకం) వేసి ఇది మూడో ఏడు. ముందే చెప్పేస్తాను, బ్యాటరీ బాగుంది. మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే రకం కొంటాను. కాకపోతే ఆ మెప్పులో సగం బ్యాటరీది కాదు. దాన్ని బిగించే ముందే కరెంటు ఎటు పోతోందో పట్టుకున్నాను, ఆ సగం మెప్పు ఆ పనిది.

పాతది పెట్టిన ఇబ్బంది ఇదీ. రోజూ తిప్పుతుంటే ఏ గొడవా ఉండదు. నాలుగు రోజులు కదపకుండా ఉంచితే మాత్రం సెల్ఫ్ టకటకమనేది, ఇంజిన్ తిరిగేది కాదు. అంతకు చాలా ముందే స్టార్ట్-స్టాప్ పనిచేయడం మానేసింది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగట్లేదు, హాయిగా ఉంది అనుకునేవాళ్లే ఎక్కువ గానీ, బ్యాటరీ నీరసపడుతోందని కారు మొదట చెప్పేది చాలాసార్లు ఇలాగే. సర్వీస్ సెంటర్‌లో టెస్టర్ పెట్టి "మార్చేయండి" అన్నారు. టెస్టర్ తప్పేం చెప్పలేదు, బ్యాటరీ పని నిజంగానే అయిపోయింది. ఎందుకు అయిపోయిందో చెప్పడం దాని పని కాదు.

అందుకని మల్టీమీటరు తీశాను. రాత్రంతా ఆగి ఉన్న కారులో, పూర్తి చార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు, ఆపైన చూపాలి. 12.2 అంటే సుమారు సగం ఖాళీ. పూర్తిగా చార్జ్ చేసి పెట్టినా నాది తెల్లారేసరికి 12.1కి దిగేది. ఇంజిన్ నడుస్తుండగా 14.3 వచ్చింది కాబట్టి ఆల్టర్నేటర్ మీద అనుమానం పోయింది. ఇక్కడ ఒక మాట: కొత్త కార్లలో ఆల్టర్నేటర్ అవసరాన్ని బట్టి వోల్టేజ్ తగ్గించుకుంటుంది. 13 కంటే తక్కువ కనిపించిందని వెంటనే టెన్షన్ పడకుండా, హెడ్‌లైట్లు వేసి ఇంకోసారి చూడండి.

ఓపిక కావాల్సింది ఆ తర్వాతే. బానెట్ తెరిచి, దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసుకున్నట్టు చేయాలి. లేకపోతే బానెట్ తెరిచే ఉందనుకుని కారు మెలకువగానే ఉంటుంది. రిమోట్ తాళం కారుకు దూరంగా పెట్టాలి. నెగటివ్ కేబుల్‌కు డీసీ క్లాంప్ మీటరు తగిలిస్తే ఏదీ విప్పే పని లేదు. కొనేటప్పుడు డీసీ కొలుస్తుందో లేదో చూసుకోండి, చవకవాటిలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి. మామూలు మీటరునే కేబుల్‌కూ బ్యాటరీకీ మధ్యలో పెట్టి కొలిచేవాళ్లు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, లోపలి ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

లాక్ చేయగానే మీటరు కొన్ని ఆంపియర్లు చూపింది. తర్వాత ఒక్కో మాడ్యూల్ (కారులోని చిన్న కంప్యూటర్) నిద్రలోకి జారుకుంటుంటే మెట్లు మెట్లుగా దిగింది. అరగంటలో, కొన్ని కార్లలో గంటలో, 50 మిల్లీఆంపియర్ల (0.05 ఆంపియర్ల) లోపుకు రావాలి. నాది 0.4 ఆంపియర్ల దగ్గర ఆగిపోయింది. మధ్యమధ్య ఒకటి దాటి, మళ్లీ 0.4కి వచ్చేది. లెక్క వేస్తే రోజుకు 9.6 ఆంపియర్-అవర్లు. 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో సగం ఖాళీ.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూడమని పాతకాలపు సలహా. ఇప్పటి కార్లలో ఫ్యూజు పీకి మళ్లీ పెడితే నిద్రపోయిన మాడ్యూల్ లేచి కూర్చుంటుంది, మళ్లీ అరగంట కాపలా. దానికి బదులు ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మీద ప్రోబులు పెట్టి మిల్లీవోల్టులు చూశాను. సున్నా అంటే అందులో కరెంటు పారట్లేదని. ఒకే ఫ్యూజు దొరుకుతుందనుకుంటే మీటర్ క్లస్టర్, ఆడియో, మాడ్యూళ్లన్నిటినీ కలిపే గేట్‌వే మూడింట్లోనూ కొంచెం కొంచెం కనిపించింది. అంటే దొంగ ఒక్క చోట లేడు, మొత్తం నెట్‌వర్క్‌నే ఎవరో లేపుతున్నారు. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో (మెకానిక్ స్కానర్ తగిలించే చోట) ఉన్న, కారు ఎక్కడుందో చెప్పే ట్రాకర్ పీకి, మళ్లీ లాక్ చేసి, అరగంట ఆగి చూస్తే 0.02 ఆంపియర్లు! ఆ డబ్బీ తాను తినేది పిసరంత. వేళాపాళా లేకుండా తలుపు తట్టే చుట్టంలా ఇంటిల్లిపాదినీ నిద్రపోనివ్వదు, అంతే. డ్యాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్, అతుక్కుపోయిన రిలే, ఆరని డిక్కీ లైటు కూడా ఇలాంటివే గానీ నా కారులో అవేవీ లేవు.

ఇక మార్చడం. కారుతో వచ్చింది ఏజీఎం అయితే ఏజీఎమ్మే వేయాలి, ఈఎఫ్‌బీ (మామూలు బ్యాటరీకే గట్టి రూపం) వచ్చిన కారులో ఏజీఎం వేయొచ్చు. ఆంపియర్-అవర్లు, సీసీఏ (చలిలో ఇంజిన్ తిప్పడానికి ఇవ్వగల కరెంటు), డబ్బా కొలతలు, పాజిటివ్ టెర్మినల్ ఏ వైపుందో సరిచూసుకుని, షాపులోనే తయారీ తేదీ, వోల్టేజ్ చూసి తీసుకున్నాను. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. నాది డిక్కీలో ఉంటుంది కాబట్టి గ్యాస్ బయటికి పోయే సన్న గొట్టం మళ్లీ తగిలించడం ముఖ్యం. బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటును లెక్కపెట్టే సెన్సర్ నెగటివ్ టెర్మినల్ మీద ఉంటుంది, అది సున్నితం, దాన్ని పట్టుకుని లాగకండి.

కొత్త బ్యాటరీ వేసినట్టు స్కానర్‌తో కారుకు చెప్పాలా అని అడిగితే షాపతను "అక్కర్లేదండీ" అన్నాడు. కొన్ని కార్లకు నిజంగానే అక్కర్లేదు. నా కారు మాన్యువల్ మాత్రం నమోదు చేయాలంటోంది. చేయకపోతే ముసలి బ్యాటరీ ఉందనుకునే చార్జ్ చేస్తుంది. చేయించాను. అద్దాల వన్-టచ్, గడియారం మళ్లీ సెట్ చేసుకున్నాను. డ్యాష్‌లో వెలిగిన స్టీరింగ్ హెచ్చరిక లైటు కాస్త నడపగానే ఆరిపోయింది.

వాడకంలో ఎలా ఉందంటే, స్టార్ట్-స్టాప్ కొద్ది రోజుల్లోనే తిరిగొచ్చింది. వారాలపాటు ఆపి ఉంచినా మొదటిసారికే అందుకుంటోంది. నచ్చనివీ ఉన్నాయి. మామూలు బ్యాటరీ కంటే ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువ, ఎత్తి పెట్టేసరికి నడుం పట్టేసింది. పాత చార్జర్ పనికిరాలేదు. ఏజీఎం మోడ్ ఉన్నదే కావాలి, 15 వోల్టులు దాటించే రిపేర్ మోడ్ వాడితే లోపలి తేమ పోతుంది, నీళ్లు పోసుకునే వీలు లేదు. నావన్నీ దగ్గర ప్రయాణాలు కావడంతో అప్పుడప్పుడు రాత్రంతా చార్జింగ్ పెడుతున్నాను. చార్జర్ నెగటివ్ క్లిప్పు బ్యాటరీకి కాకుండా బాడీ ఎర్త్‌కు పెడతాను, లేకపోతే ఎక్కిన చార్జ్ సెన్సర్ లెక్కలోకి రాదు.

ఉదయం వోల్టేజ్ ఇప్పుడు 12.5 దగ్గర ఉంటోంది. బ్రేక్ వేసినప్పుడు వచ్చే కరెంటుకు చోటు ఉంచడానికి ఈ కారు బ్యాటరీని నిండా నింపదు కాబట్టి ఆ అంకె చూసి కంగారు పడను. 12.3 కిందికి దిగితే మాత్రం క్లాంప్ మీటరు మళ్లీ బయటికి తీస్తాను.