ఇంజన్ మార్చిన జిప్సీ కొంటున్నారా? ముందు హబ్బులు విప్పించండి

కోపంలోనే రాస్తున్నాను. వరస తప్పితే సర్దుకుని చదవండి.

హైదరాబాద్‌లో ఇంజన్ మార్చిన జిప్సీలు అమ్మే ఆ మనిషి మీలో చాలామందికి తెలుసు. ఎప్పుడూ ఏదో ఒక బండి ఫొటోలు పెడుతూనే ఉంటాడు. బానెట్ ఎత్తి తళతళలాడే ఇంజన్ చూపిస్తాడు, కింద ఒకటే మాట: "ఫోర్ బై ఫోర్, లివర్ స్మూత్." ఫోర్ బై ఫోర్ అంటే నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే బండి, లివర్ అంటే దాన్ని వేసే కడ్డీ. ఆ మనిషి పేరు రాయడం లేదు, ఎవరో మీకే అర్థమవుతుంది. ఆయన దగ్గర నేను కొన్న జిప్సీకి ముందు చక్రాలకు పవర్ వెళ్లే దారే లేదు. అది అరిగిపోయి పాడైంది కాదు. ఆయనే దగ్గరుండి తీయించేసి, పైన మూతలు బిగించి, ఫోర్ బై ఫోర్ అని నాకు అమ్మాడు.

బండి 2001 మోడల్ ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న) జిప్సీ కింగ్. దాంతో వచ్చిన 1298 సీసీ జీ13 ఇంజన్ తీసేసి, పాత మారుతి బెలెనో కారులో వచ్చే 1590 సీసీ జీ16బీ వేశారు. జిప్సీ వాళ్లకు ఇది తెలిసిన సంగతే. రెండూ ఒకే కుటుంబం ఇంజన్లు కాబట్టి జిప్సీ గేర్‌బాక్స్‌కు కూర్చుంటుంది, 80 హార్స్‌పవర్ చోట 94 వస్తుంది. కాకపోతే బెలెనోలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, జిప్సీలో పొడుగ్గా పెట్టాలి. మౌంటింగులు మార్చాలి, కింద ముందు యాక్సిల్‌కు తగలకుండా ఆయిల్ చాంబర్ చూసుకోవాలి, వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) కుదర్చాలి. ఆ పని మాత్రం శుభ్రంగా చేశారు. దాన్ని నేను కాదనను. బండి స్టార్ట్ చేస్తే వణుకు లేదు, మూడో గేరులో లాగుడు అద్భుతం.

కానీ నాకు కావాల్సింది ఆ లాగుడు కాదు. చింతపల్లి దగ్గర మాకు కాఫీ తోట ఉంది, సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల పాదులు. తారు రోడ్డు దిగాక తోట దాకా ఎర్రమట్టి దారి, నిటారు ఎక్కుడు. వానలు మొదలైతే రెండు చక్రాల మీద లాగే బండి అక్కడికి పోదు. ఈ మాట ఆయనకు ఫోన్లో చెప్పాను, హైదరాబాద్ వెళ్లి ఎదురుగా కూర్చుని మళ్లీ చెప్పాను. కూలీలను ఎక్కించుకుని పోతాం, ఫోర్ వీల్ కచ్చితంగా ఉండాలి అన్నాను. "తోటకైతే ఇంతకంటే మంచి బండి మీకు దొరకదు సార్" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ట్రయల్‌కు ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీస్ రోడ్డు మీదకు తీసుకెళ్లాడు. ఫోర్ వీల్ వేసి చూద్దాం అన్నాను. "తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ పోతుంది సార్, మీకు తెలియనిదా" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే ఇంజన్ పవర్‌ను ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె. జిప్సీది పార్ట్‌టైమ్ ఫోర్ వీల్, అంటే అవసరమైనప్పుడు మాత్రమే వేసుకునేది. ముందు, వెనక యాక్సిళ్ల మధ్య తేడా సర్దే సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి గట్టి రోడ్డు మీద వేసి తిప్పకూడదు. పక్కనే ఖాళీ ప్లాట్లలో మట్టి ఉంది, అక్కడ చూద్దామంటే ఇప్పుడే వాటర్ సర్వీసింగ్ చేయించాను అన్నాడు. ఆగిన చోటే లివర్ వేసి చూపించాడు. డ్యాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ లైటు వెలిగింది. "చూశారా సార్" అన్నాడు.

ఆ లైటు గురించి అందరూ తెలుసుకోవాలి. దాని స్విచ్ ట్రాన్స్‌ఫర్ కేస్ మీద ఉంటుంది. లివర్ పడిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. అక్కడినుంచి ముందు చక్రాల దాకా షాఫ్టు, క్రౌన్ పినియన్ (షాఫ్టు తిప్పుడును యాక్సిల్‌కు అందించే పళ్ల చక్రాల జత), యాక్సిల్, హబ్బు (చక్రం మధ్యలో యాక్సిల్‌ను చక్రానికి కలిపే లాక్) ఇన్ని ఉన్నాయి. వాటిలో ఏది లేకపోయినా లైటు వెలుగుతూనే ఉంటుంది.

నాలుగు లక్షల పైచిలుకు ఇచ్చి బండి తీసుకుని నర్సీపట్నం వచ్చాను. విజయవాడ దాటాక హైవే మీద ఒక తేడా కనిపించింది. స్పీడోమీటర్ ముల్లు 80 దగ్గర ఉంటే ఫోన్‌లో జీపీఎస్ 88 చూపిస్తోంది. టైర్లు చూస్తే కంపెనీ సైజే. ఎందుకో అప్పుడు అంతుపట్టలేదు, తర్వాత పట్టింది. కింద చెబుతాను.

మొదటి గట్టి వానకు తోటకు బయల్దేరాం. వెనక కూలీలు, ఎరువు బస్తాలు. మట్టి దారి మొదట్లోనే దిగి రెండు హబ్బులూ లాక్‌లో పెట్టాను, ఫోర్ వీల్ లో-గేరు (4L) వేశాను, లైటు వెలిగింది. ఎక్కుడు సగంలో వెనక చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి, ముందు చక్రాలు కదలడం లేదు. బ్రేకు తొక్కినా బండి వెనక్కి జారింది. వెనక్కి అంటే లోయ వైపు. వెనక ఉన్నవాళ్లు దూకి చక్రాల కింద రాళ్లు పెట్టారు కాబట్టి ఆగింది. వాళ్లలో ఒకావిడ నా తల్లి వయసు మనిషి. దిగాక ఆమె చేతులు వణకడం ఇంకా నా కళ్ల ముందే ఉంది. నా డబ్బు సంగతి తర్వాత, ముందు ఈ ఒక్క కారణానికే ఆ మనిషిని వదలను.

మర్నాడు మా ఊరి మెకానిక్ దగ్గర పెట్టాం. పెద్దాయన, జీపుల కాలంనుంచీ ఉన్నవాడు. ముందు ఒక చక్రాన్ని జాకీ మీద లేపి, రెండు హబ్బులూ లాక్‌లో పెట్టి చేత్తో తిప్పాడు. చక్రం తిరుగుతోంది గానీ కింద ముందు షాఫ్టు తిరగలేదు. "ఇటు చూడు బాబూ" అని హబ్బు మూతకున్న బోల్టులు చూపించాడు. బండి వయసు ఇరవై ఏళ్లు దాటింది, చుట్టుపక్కల ప్రతి బోల్టూ తుప్పు పట్టి ఉంది, ఈ ఆరూ మాత్రం కొత్తవి. మూత తీస్తే కింద కొత్త ప్యాకింగ్, కొత్త గ్రీజు. గ్రీజులో వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి. డయల్ ఫ్రీ నుంచి లాక్‌కు తిప్పితే టిక్కుమని శబ్దం వస్తోంది. కానీ లోపల యాక్సిల్‌నూ చక్రాన్నీ కలిపే పళ్ల రింగు లేదు. రెండో వైపూ అంతే.

రింగులు ఎందుకు తీస్తారు? నాకు అర్థం కాలేదు, ఆయనకు అర్థమైంది. తన షెడ్డులో ఉన్న ఇంకో జిప్సీ హబ్బులు తెచ్చి దీనికి తాత్కాలికంగా వేశాడు. షాఫ్టు మీద సుద్దతో గీత గీశాడు. ఒక వైపు చక్రం నేల మీదే ఉంచి రెండో వైపు చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాడు. అదే ఆ యాక్సిల్ రేషియో, అంటే రెండు చక్రాలూ కలిసి ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు తిరగాల్సిన చుట్లు. ముందూ అలాగే చూశాడు, వెనకా చూశాడు. రెండూ ఒకటే రావాలి. వెనకకంటే ముందు షాఫ్టు మూడోవంతు చుట్టు పైనే ఎక్కువ తిరిగింది.

అంటే జరిగింది ఇది. పెద్ద ఇంజన్ వేశాక హైవే మీద హాయిగా పోవాలని వెనక హౌసింగ్‌లో వేరే రేషియో క్రౌన్ పినియన్ వేశారు. ముందుది పాతదే వదిలేశారు. జిప్సీకి స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వస్తుంది. కాబట్టి వెనక రేషియో మారితే ముల్లు తప్పు చూపిస్తుంది. ఆ 80కీ 88కీ తేడా అక్కడిది. ఇలాంటి బండికి ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలు ఒక వేగంతో, వెనకవి ఇంకో వేగంతో తిరగాలని చూస్తాయి. స్టీరింగ్ బిగుసుకుంటుంది, బండి గుంజుతుంది, లివర్ ఇరుక్కుపోతుంది, చివరికి ట్రాన్స్‌ఫర్ కేసో క్రౌనో పగులుతుంది. దాన్ని సరిచేయాలంటే ఖర్చు. హబ్బుల్లో రింగులు తీసేస్తే ఖర్చు లేదు. కొనేవాడు తారు రోడ్డు మీదే నడుపుతాడు, లైటు వెలుగుతుంది.

ఇంత తెలిశాక ఫోన్ చేశాను. మర్యాదగానే మొదలుపెట్టాను. ఏమండీ, హబ్బుల్లో రింగులు లేవు, మీకు తెలుసా అని అడిగాను. తెలియదంటాడనుకున్నాను. పాత ఓనర్ మీదో మెకానిక్ మీదో తోస్తాడనుకున్నాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నేనే తీయించాను సార్. రేషియో కలవట్లేదు కదా. ఉంచి ఉంటే గేర్‌బాక్స్ మీ చేతిలో పోయేది. మీ మంచికే చేశాను."

నాకు నోట మాట రాలేదు. మరి ఫోర్ బై ఫోర్ అని ఎలా అమ్మారు అన్నాను.

"ఫోర్ బై ఫోర్ బండే కదా. పనిచేస్తుందని నేనెక్కడన్నాను? లివర్ స్మూత్ అన్నాను. లివర్ స్మూత్‌గా లేదా?"

పక్కన ఎవరో నవ్వారు. స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడు, అక్కడ నలుగురు కూర్చుని వింటున్నారు. తోటకని చెప్పాను కదా, కూలీలను ఎక్కిస్తానని చెప్పాను కదా, బండి వెనక్కి జారింది, మనుషులు పోయేవాళ్లు అన్నాను. అప్పటిదాకా సార్ అన్నవాడు ఏకవచనంలోకి దిగాడు. "ఘాట్‌లో నడపడం రాకపోతే నేనేం చేస్తా. పాత బండి కొని కొత్త బండి గ్యారంటీ అడుగుతున్నావ్. పెట్టెయ్" అని కట్ చేశాడు. తర్వాత నంబర్ బ్లాక్.

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. కొండ మీద మనుషుల ప్రాణాలు ఆ రెండు రింగుల మీద ఆధారపడి ఉన్నాయని తెలిసీ, రెండుసార్లు నా నోటితో విని కూడా, మూతలు బిగించి తాళాలు చేతిలో పెట్టాడు చూడండి, అది నాకు మింగుడుపడటం లేదు. పాత బండి అన్నాక అరుగుదల ఉంటుంది, కారుతున్న సీల్ ఉంటుంది, ఊగే జాయింట్ క్రాస్ ఉంటుంది. వాటికి నేను గొడవ పడే మనిషిని కాను. రేషియో కలవలేదు, ఫోర్ వీల్ పనిచేయదు, తగ్గించి ఇస్తాను అని ఒక్క మాట చెబితే వేరే బండి చూసుకునేవాణ్ణి. ఊళ్లో తిరగడానికి జిప్సీ కావాల్సినవాళ్లు దాన్ని సంతోషంగా కొనేవాళ్లు.

ఆర్‌సీ సంగతి ఇంకొకటి. ఇంజన్ మార్పు ఆర్టీఓలో ఎక్కించాం, కొత్త కార్డు పోస్టులో వస్తుంది అన్నాడు. రాలేదు. ఆన్‌లైన్‌లో చూస్తే ఇంకా 1298 సీసీ, పాత ఇంజన్ నంబరే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఈ మార్పుల గురించే. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, అక్కడ ఇంజన్ నంబర్ చూస్తారు. నా బండి రెన్యువల్ దగ్గరపడింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ఏమంటారో అదో టెన్షన్. వాట్సాప్ మెసేజులు, యాడ్ స్క్రీన్‌షాట్, హబ్బు విప్పినప్పుడు తీసిన వీడియో అన్నీ లాయర్‌కు ఇచ్చాను, వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు రాయిస్తున్నాం.

కొనేవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. ఫోర్ వీల్ మట్టిలోనో ఇసుకలోనో వేసి చూడనివ్వకపోతే బండి వదిలేయండి. జాకీ మీద లేపి, రెండు హబ్బులూ లాక్ చేసి, చక్రం తిప్పితే షాఫ్టు తిరుగుతోందో లేదో చూడండి. సుద్ద గీతతో ముందు, వెనక లెక్క కలిసిందో లేదో చూడండి. ఇంజన్ మార్చిన బండైతే స్పీడోమీటర్‌నూ జీపీఎస్‌నూ పోల్చండి. ఇంజన్ మీద గుద్దిన నంబర్ ఆర్‌సీలో ఉంటేనే డబ్బు ఇవ్వండి, కార్డు తర్వాత వస్తుందన్న మాట నమ్మొద్దు.

నిన్న రాత్రి అదే మనిషి ఇంకో బండి పెట్టాడు. తెల్ల రంగు, హార్డ్ టాప్, దీనికీ 1.6 ఇంజనే. కింద మళ్లీ అదే మాట, "ఫోర్ బై ఫోర్, లివర్ స్మూత్." దానికి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే మిగతా డబ్బు పంపకండి. మొదట ముందు చక్రాల హబ్బు బోల్టులు దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. కొత్తవి కనిపిస్తే నాకు మెసేజ్ చేయండి, నా దగ్గరున్న వీడియో పంపుతాను.