ఆర్కే బీచా, రుషికొండా?

చుట్టాలొస్తే మా విశాఖలో మొదటి ప్రశ్న ఇదే. సముద్రం ఒకటే కానీ ఊరి మీద పడే భారం వేరు.

ఆర్కే (రామకృష్ణ) బీచ్ అంటే ఊరి వాకిలి. టికెట్ అక్కర్లేదు, సిటీ బస్సు దిగితే ఇసుకే. 2002లో తెరిచిన కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం కూడా ఇక్కడే. అందుకే ఆదివారం సాయంత్రం స్కూటర్ పెట్టడానికి చోటుండదు. మురీ మిక్చర్ తిని పారేసిన కాగితం పొట్లాలు గాలికి గోడవారన దొర్లుతుంటాయి. తెల్లారి ఊడ్చేది జీవీఎంసీ (నగర పాలక సంస్థ) కార్మికులే. ఆ పక్కనే ఉండే మా పిన్నికి ఆదివారం ఆటో దొరకడమే టెన్షన్. పైగా హార్బర్ గోడలు ఇసుక కదలికను ఆపడంతో తీరం కోసుకుపోతోంది. డ్రెడ్జర్ ఓడతో ఇసుక తోడి తెచ్చి పోయాల్సొస్తోంది.

రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది. నీటి పరీక్షలు, లైఫ్‌గార్డులు, శుభ్రమైన మరుగుదొడ్లు దాని షరతులు. ఊరికి కాస్త దూరం, సొంత బండి లేకపోతే ఖర్చు.

పిల్లలు నీళ్లలో దిగుతామంటే రుషికొండకే తీసుకెళ్తాను, ఆర్కేలో అలల లాగుడు ఎక్కువ. ఆర్కేకైతే తెల్లవారుజామునే వెళ్లండి. అప్పుడు బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్లదే.