తొమ్మిదేళ్లుగా బ్రాడన్ నవలలు చదువుతున్నా, నా మాట ఇది

పాత పుస్తకాల షాపులో వంద రూపాయలకి కొన్న లేడీ ఆడ్లీస్ సీక్రెట్ తో మొదలైంది నాకీ పిచ్చి. రాసినావిడ మేరీ ఎలిజబెత్ బ్రాడన్, 1835లో లండన్లో పుట్టింది, 1915లో పోయింది, మధ్యలో 80 పైనే నవలలు. నేను చదివినవి పదిహేను ఉంటాయేమో.

ఆ మొదటిది 1862ది. అందులో లాయరు పేరుకే లాయరు, సిగార్లు కాలుస్తూ ఫ్రెంచి నవలలు చదువుకుంటూ పడుంటాడు, ఫ్రెండు మాయమైపోయాకే లేస్తాడు. నాకు ఇప్పటికీ కళ్లముందుండేది టోపీ పెట్టె సీను. ఎప్పుడో స్కూల్లో వదిలేసిన పెట్టె, దాని మీద ఒక లేబుల్, తడిపి మెల్లగా ఊడదీస్తే కింద ఇంకో లేబుల్, ఇంకో పేరు. తుపాకీ లేదు, ఛేజింగ్ లేదు, జిగురు కాగితం ముక్క అంతే, నాకైతే ఒళ్లు జలదరించింది. స్పాయిలర్ అని తిట్టకండి, ఎవరి మీద అనుమానమో మనకి ముందే తెలిసిపోతుంది, ఎలా దొరుకుతుందా అనే చదువుతాం.

ఒకే రకం రాసే మనిషి కాదు. ది ట్రెయిల్ ఆఫ్ ది సర్పెంట్ లో డిటెక్టివ్ కి మాటలు రావు, వేళ్లతోనే అక్షరాలు చెప్తాడు. గుడ్ లేడీ డుకేన్ 1896లో వచ్చిన చిన్న కథ, అంటే డ్రాక్యులాకి ఏడాది ముందు. డబ్బున్న ముసలావిడకి తోడుగా చేరిన అమ్మాయి చేతి మీద గాట్లు పడుతుంటే డాక్టరు దోమలు కుట్టాయంటాడు, దోమలట!

ఆవిడ బతుకూ కథలానే ఉంది. పబ్లిషర్ మాక్స్‌వెల్ తో కాపురం పెట్టింది, ఆయన భార్యేమో బతికే ఉంది, పిచ్చాసుపత్రిలో. పెళ్లి 1874లో గానీ కుదరలేదు. నవలల్లో అన్ని దొంగపెళ్లిళ్లూ అంత పిచ్చీ ఊరికే రాలేదనిపిస్తుంది నాకు.

విసుగు కూడా చెప్పాలి. అప్పట్లో నవలంటే మూడు వాల్యూములు, అది నింపడానికి రెండో వాల్యూములో సాగదీస్తుంది, సాయంత్రం ఎండ గురించే పేజీలకి పేజీలు, మన వీక్లీ సీరియల్స్ గుర్తొస్తాయి, నేనైతే మొహమాటం లేకుండా తిప్పేస్తా. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే ప్రింట్లు మాత్రం కొనకండి, నాకొచ్చిన కాపీలో చివరి మూడు అధ్యాయాలే లేవు. కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, ఈబుక్స్ ఫ్రీగానే దొరుకుతాయి.

ఇప్పుడు ఫోన్లో హెన్రీ డన్‌బార్ నడుస్తోంది, ఏళ్ల తరబడి ఇండియాలో ఉండి ఇంగ్లండు తిరిగొచ్చిన బ్యాంకు ఓనరు కథ. వచ్చినాయన మీద నాకో డౌటుంది, చదివినవాళ్లు కామెంట్లో చెప్పేయకండి ప్లీజ్.