తెంగిజ్ సరస్సు టూర్: బండికి ఒక స్టార్ కట్, గైడ్‌కు ఫుల్ మార్కులు

మా తమ్ముడు కజకిస్తాన్‌ల, కరగండల ఎంబీబీఎస్ చదువుతున్నడు. పోయిన జూన్‌ల వాణ్ని చూసొద్దామని హన్మకొండ నుంచి నేను, అమ్మ పోయినం, పనిల పని తెంగిజ్ సరస్సు ఉన్న కొర్గల్జిన్ పిట్టల రిజర్వ్ రెండు రోజుల టూర్ బుక్ చేసినం. మనోళ్లు పిల్లల్ని చూడవోతే అల్మాటీ మంచుకొండలే చూసి వస్తరు, ఇటు దిక్కు ఎవ్వరు పోతలేరు, అందుకే రాస్తున్న.

ముందుగాల కోపం తెప్పించింది చెప్త. బుకింగ్ అప్పుడు ఫోర్ బై ఫోర్ బండి అన్నరు, పొద్దుగాల చూస్తే మామూలు కారు. ఆస్తానా నుంచి కొర్గల్జిన్ ఊరు దాకా 130 కిలోమీటర్లు రోడ్డు మంచిగనే ఉంది, ఆడికెళ్లి లోపలికి మట్టిబాట, రాత్రి వాన పడ్డది, ఇగ కారు పోనే పోదన్నరు. ఇంకో బండి వచ్చేసరికి పగటీలి అయింది. బైనాక్యులర్లు మనిషికొకటి అన్నరు, ముగ్గురికి ఒక్కటే ఇచ్చిన్రు.

కానీ గైడ్ పెద్దాయన మాత్రం బంగారం. ఆయన రష్యన్‌ల చెప్తుంటే తమ్ముడు తెలుగుల చెప్పిండు. నురా నది నీళ్లు వచ్చి తెంగిజ్‌ల పడ్తయ్, బయటికి పోయే తోవ లేదు, ఎండకు నీళ్లు ఎగిరిపోయి ఉప్పు మిగుల్తది. ఒడ్డు మీద నడుస్తుంటే నా చెప్పుల అంచులకు తెల్లగ పేరుకున్నది, ఆ ఉప్పులనే ఒక గులాబీ ఈక అతుక్కొని ఉండె. ఆ ఉప్పునీళ్లల్ల సన్నటి రొయ్యపురుగులుంటయ్, అవి తినే ఫ్లెమింగోలకు ఆ రంగు. పక్కపొంటే రెల్లు పెరిగిన మంచినీళ్ల చెరువులున్నయ్, ఆడ పెలికాన్లు, బాతులు. రెండు రకాల నీళ్లు పక్కపక్కన ఉండబట్టే ఇన్ని పిట్టలు. 2008ల యునెస్కో వారసత్వ లిస్టుల కూడా పెట్టిన్రు.

ఫ్లెమింగోలు సహజంగ గూళ్లు పెట్టే జాగల్లల్ల అన్నిటికన్న ఉత్తరాన ఉన్నది ఇదే. టెలిస్కోప్‌ల ముందు ఎండమావిల వణికే గులాబీ గీత లెక్క కనిపించింది, కండ్లు ఆనించి ఓపిగ్గ చూస్తే ఒక్కొక్కటి తలకాయ తలకిందులు జేసి నీళ్లు జల్లెడ పడ్తున్నది. ఇంకొంచెం దగ్గరికి పోదామని తమ్ముడు అడిగితే గైడ్ ససేమిరా అన్నడు. అవి బెదిరి లేస్తే గుడ్లు వేరే పిట్టల పాలు, ఒక్కోసారి గుంపుకు గుంపే గూళ్లు ఇడిసిపెట్టి పోతదట. పైసలిచ్చినోళ్లు అడిగినా కాదన్న ఆ మనిషిని చూస్తే నాకు దండం పెట్టబుద్ధయింది.

తిరిగి వస్తుంటే ఊరి పక్కన పశువులు మేసిన పొట్టి గడ్డిల ఒక పిట్టను చూపెట్టిండు, మన తీతువు జాతిదే, సోషియబుల్ ల్యాప్‌వింగ్, లోకంల చానా తక్కువ మిగిలినయ్. చలికాలం కొన్ని గుజరాత్, రాజస్థాన్ దాకా వస్తయంట. “మన పాకాల చెరువుల దిగే బాతులు గిట్ల ఇసొంటి కాడికెళ్లే వస్తయా బిడ్డా?” అని అమ్మ అడిగింది. తమ్ముడు అది రష్యన్‌ల చెప్తే పెద్దాయన నవ్వి, ఆమె చెయ్యి పట్టుకొని దక్షిణం దిక్కు చూపెట్టిండు.

పోయేటోళ్లు బండి ఏదో ఫొటోతో సహా ముందే రాయించుకోండ్రి, రిజర్వ్ పర్మిట్ వాళ్లే తీస్తరా అడుగుండ్రి, నిండు చేతుల అంగీలు పట్టుకపోండ్రి, దోమలు ఘోరం. చలికాలం పోవద్దు, సరస్సు గడ్డకడ్తది, పిట్టలుండవు.