స్ట్రింగా, బయోగ్రిడ్డా, ఆల్ఫాఫోల్డ్ సర్వరా? ప్రోటీన్ల జోడీ చూడ్డానికి ఏది మేలు?

ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించే బొమ్మ, ప్రోటీన్ల మధ్య సంబంధాలని గీతలతో చూపించే స్ట్రింగ్ అనే ఆన్‌లైన్ డేటాబేస్ నుంచి దింపిన రంగురంగుల నెట్‌వర్కే, కింద మాత్రం "ఈ ప్రోటీన్ ఆ ప్రోటీన్‌కి బైండ్ అవుతుంది", అంటే అతుక్కుంటుంది అని రాసేస్తారు. స్ట్రింగ్ ఆ మాట ఎక్కడంది? మామూలుగా అది చూపించేది ఫంక్షనల్ అసోసియేషన్, అంటే రెండూ ఒకే పనిలో ఉన్నాయని, ఒకదాన్నొకటి తాకుతున్నాయని కాదు. ల్యాబ్ ప్రయోగాలతో పాటు కో-ఎక్స్‌ప్రెషన్ (రెండు జీన్లూ కలిసి పెరగడం, తగ్గడం), జీన్లు పక్కపక్కన ఉండటం, పేపర్లలో రెండు పేర్లూ కలిసి కనిపించడం (టెక్స్ట్‌మైనింగ్), ఇవన్నీ కలిపి ఒక స్కోర్ ఇస్తుంది. ఆ స్కోర్ 0.9 ఉంటే గట్టిగా అతుక్కుంటుందని కాదండీ, ఆ సంబంధం నిజమయ్యే అవకాశం ఎక్కువని. సెట్టింగ్స్‌లో ఫిజికల్ సబ్‌నెట్‌వర్క్ (ఒకే ప్రోటీన్ గుంపులో ఉన్నవాటిని మాత్రమే చూపేది) పెట్టి, టెక్స్ట్‌మైనింగ్ టిక్ తీసేసి, కటాఫ్, అంటే గీత గీయడానికి కావాల్సిన కనీస స్కోర్, 0.4 నుంచి 0.7కి పెంచి చూడండి, సగం గీతలు మాయమైనా ఆశ్చర్యం లేదు.

ప్రోటీన్ల జోడీల మీద జరిగిన ప్రయోగాలని పోగేసిన డేటాబేస్ బయోగ్రిడ్ చూడ్డానికి బోరే, నిజం చెప్పాలంటే ఒట్టి టేబుల్. కానీ ఒక్కో వరుసకీ ఏ ప్రయోగం, ఏ పేపర్ అని ఉంటుంది, మనుషులు చదివి ఎక్కించిన డేటా, అందుకే నా ఓటు దీనికే. ఇక్కడా ఒక మెలిక ఉంది, "ఫిజికల్" అని ఉన్నంత మాత్రాన నేరుగా తాకినట్టు కాదు, అఫినిటీ క్యాప్చర్-ఎంఎస్ (ఒక ప్రోటీన్‌ని పట్టి లాగి, దాంతో వచ్చినవాటిని మాస్ స్పెక్ట్రోమెట్రీతో గుర్తించే పద్ధతి)లో ఒక ప్రోటీన్‌ని లాగితే దాని గుంపంతా వచ్చేస్తుంది కాబట్టి మధ్యలో మూడోది ఉండొచ్చు. కో-క్రిస్టల్ స్ట్రక్చర్ (రెండూ కలిసున్న ఆకారాన్నే అణువుల స్థాయిలో చూసినది) అని ఉంటే ఇంక దాదాపు అనుమానం అక్కర్లేదు.

2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ సర్వర్ పనే వేరు. రెండు ప్రోటీన్ల సీక్వెన్సులు (అమైనో యాసిడ్ల వరుసలు) ఇస్తే రెండూ ఎలా కూర్చుంటాయో మోడల్ ఇస్తుంది, బైండ్ కాని జోడీకి కూడా ఏదో ఒక మోడల్ ఇచ్చేస్తుంది, అదే ప్రమాదం. రెండూ కూర్చున్న తీరు మీద మోడల్‌కి ఎంత నమ్మకముందో చెప్పే స్కోర్ ఐపీటీఎం, అది 0.8 దాటితే నమ్మొచ్చు, 0.6 లోపు ఉంటే పక్కన పెట్టేయండి, మధ్యలో ఉంటే తేలనట్టే. బాగా తెలిసిన పీ53-ఎండీఎం2 ప్రోటీన్ల జోడీ తీసుకోండి, స్ట్రింగ్‌లో దాదాపు పూర్తి స్కోర్, క్రిస్టల్ స్ట్రక్చర్ 1996లోనే వచ్చింది, పీ53 మొదట్లో ఉన్న మూడు అమైనో యాసిడ్లు, 19వ స్థానంలోని ఫీనైల్‌అలనైన్, 23లోని ట్రిప్టోఫాన్, 26లోని లూసిన్ వెళ్లి ఎండీఎం2 గుంటలో కూర్చుంటాయి. అయినా 393 అమైనో యాసిడ్ల పీ53ని మొత్తం ఎక్కిస్తే వదులుగా వేలాడే భాగాల వల్ల స్కోర్ పడిపోవచ్చు. బైండ్ అయ్యే ముక్క మాత్రమే ఇవ్వండి.

పేరు తెలియని పార్ట్‌నర్లని వెతకాలంటే స్ట్రింగ్, దొరికినవి నిజమా కాదా చూడాలంటే బయోగ్రిడ్, ఎక్కడ తాకుతుందో కావాలంటే సర్వర్. వరి మీద పని చేసేవాళ్లకి మాత్రం బయోగ్రిడ్‌లో దొరికేది బాగా తక్కువ, స్ట్రింగ్‌తోనే మొదలుపెట్టాలి, అందులోనూ చాలా గీతలు వేరే జీవుల డేటా నుంచి తెచ్చి వేసినవే, కాబట్టి గీత మీద క్లిక్ చేసి ఏ జీవిలో చేసిన ప్రయోగమో చూశాకే క్యాప్షన్ రాయండి.