కేవీఎం: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

నా సర్వర్ మీద పదకొండు వర్చువల్ మెషీన్లు (ఒకే యంత్రం లోపల వేర్వేరు కంప్యూటర్లలా పనిచేసేవి) నడుస్తున్నాయి. ఎనిమిదేళ్లుగా వాటన్నిటికీ ఆధారం లినక్స్‌లోనే ఉండే కేవీఎం అనే వ్యవస్థ. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న మెషీన్లూ మరికొన్ని ఉన్నాయి. మొదట్లో ఈ రెండిటికీ సంబంధం లేదనుకునేవాణ్ణి. క్లౌడ్‌లో మీట నొక్కిన నిమిషంలో కొత్త సర్వర్ ఎక్కడినుంచి వస్తుందో అంతుపట్టేది కాదు. సొంతంగా మెషీన్లు సృష్టించడం మొదలుపెట్టాక విషయం బోధపడింది. ఒక పెద్ద యంత్రంలో కొన్ని కోర్లు, కొంత మెమరీ, కాస్త డిస్క్ కేటాయించి ఒక ప్రాసెస్‌ను, అంటే నడిచే ప్రోగ్రామును, మొదలుపెడతారు. మనకు అద్దెకు వచ్చేది అదే.

ప్రాసెస్ అన్న మాట ఊరికే వాడలేదు. కేవీఎం లినక్స్ కెర్నల్‌నే, అంటే దాని కేంద్ర భాగాన్నే, వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్‌గా మారుస్తుంది. వాటిని మోసే అసలు యంత్రం (హోస్ట్) దృష్టిలో ప్రతి వర్చువల్ మెషీనూ ఒక మామూలు లినక్స్ ప్రాసెస్. దాని లోపలి ఒక్కో ప్రాసెసరూ ఒక్కో థ్రెడ్, అంటే ఆ ప్రాసెస్‌లోని ఒక పని వరస. నడుస్తున్న ప్రోగ్రాములను చూపే 'టాప్' తెరిస్తే మిగతా ప్రోగ్రాముల వరసలోనే అదీ కనిపిస్తుంది. ఏ కోరు మీద నడవాలో, ఎంత ప్రాధాన్యం దక్కాలో చెప్పడానికి నాకు ముందే తెలిసిన కమాండ్లు సరిపోయాయి. ఈ నిరాడంబరతే కేవీఎంలో నాకు అన్నిటికన్నా నచ్చింది.

దీని వెనక చాలా మంది పడ్డ శ్రమ ఉంది. ఐబీఎం తన మెయిన్‌ఫ్రేముల కోసం 1972లోనే వీఎం/370 తెచ్చింది. మనం వాడే ఎక్స్86 ప్రాసెసర్లు మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. 'పాప్‌ఎఫ్' అనే ఆదేశాన్నే తీసుకోండి. అధికారం లేని ప్రోగ్రాము దాంతో ఇంటరప్టులను (ప్రాసెసర్ పని మధ్యలో వచ్చే పిలుపులను) ఆపబోతే ప్రాసెసర్ అభ్యంతరం చెప్పదు, చప్పుడు చేయకుండా ఆ కోరికను వదిలేస్తుంది. అభ్యంతరం చెబితేనే కదా హైపర్‌వైజర్‌కు కబురు అందేది! 1999లో వీఎంవేర్ అలాంటి ఆదేశాలను అప్పటికప్పుడు తిరగరాసి దారి చూపింది. 2003లో జెన్ అనే హైపర్‌వైజర్ గెస్ట్ (వర్చువల్ మెషీన్ లోపలి వ్యవస్థ) కెర్నల్‌నే సవరించే పద్ధతి ఎంచుకుంది. 2005 చివర్లో ఇంటెల్, 2006లో ఏఎండీ వర్చువల్ మెషీన్లకు కావలసిన సదుపాయాన్ని ప్రాసెసర్‌లోనే కల్పించాయి. దాన్ని నమ్ముకుని పుట్టిన కేవీఎం 2007లో లినక్స్ 2.6.20తో కెర్నల్‌లో భాగమైంది. 2006లో జెన్ మీద మొదలైన అమెజాన్ క్లౌడ్ సేవ ఈసీ2 కూడా, 2017 నాటికి కేవీఎం ఆధారంగా నైట్రో హైపర్‌వైజర్‌ను తెచ్చింది. గూగుల్ క్లౌడ్ మెషీన్ల కిందా ఉన్నది కేవీఎమే. నా గదిలోని సర్వర్‌దీ ఆ పెద్ద క్లౌడ్‌లదీ ఒకే పునాది అని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

వేగం విషయంలో నాకు ఫిర్యాదు లేదు, డిస్క్‌కూ నెట్‌వర్క్‌కూ వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన విర్ట్ఐఓ డ్రైవర్లు పెట్టుకుంటే. తెలియక మొదటి కొన్ని నెలలు పాత ఐడీఈ డిస్క్‌ను అనుకరించే పద్ధతిలోనే నడిపాను. మార్చాక డేటాబేస్ బ్యాకప్‌కు పట్టే సమయం సగానికి పైగా తగ్గింది.

జాగ్రత్తగా ఉండాల్సింది మెమరీతో. ఉన్న కోర్లకన్నా ఎక్కువ కోర్లు గెస్టులకు పంచిపెట్టినా పని నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. మెమరీ అలా సాగదు. ఒకేలాంటి పేజీలను (మెమరీలోని చిన్న ముక్కలను) కలిపి ఉంచే కేఎస్ఎం మీద భరోసాతో, ఉన్నదానికి మించి పంచాను. ఒక రాత్రి గెస్టులన్నీ ఒకేసారి అప్‌డేట్లకు దిగాయి. హోస్ట్‌లో మెమరీ నిండుకుంది. అలాంటప్పుడు లినక్స్ బాగా మెమరీ తింటున్న ప్రాసెస్‌ను వెతికి చంపుతుంది. ఆ ప్రాసెస్ నా మెయిల్ సర్వర్! నేను అంతగా మెచ్చుకున్న గుణమే ఇక్కడ ఎదురుతిరిగింది. లోపల ఎంత పెద్ద వ్యవస్థ నడుస్తున్నా హోస్ట్‌కు అదొక ప్రాసెస్ మాత్రమే. ఆ రోజు నుంచి హోస్ట్ కోసం కొంత మెమరీ విడిగా ఉంచి, మిగిలినదే పంచుతున్నాను.

అద్దె మెషీన్ల తీరు అర్థం కావడానికీ ఈ అనుభవమే పనికొచ్చింది. ఒకసారి ఒక క్లౌడ్ మెషీన్ కారణం లేకుండా మందగించింది. నా ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ రెండు రోజులు గడిపాక, టాప్‌లో 'ఎస్‌టీ' అనే అంకె మీద చూపు పడింది. గెస్ట్ పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నా హోస్ట్ దానికి ప్రాసెసర్ ఇవ్వని సమయం అది. అంటే అదే యంత్రం మీద ఉన్న ఇతరులతో పోటీ. మెషీన్‌ను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెడితే మరో హోస్ట్‌కు చేరినట్టుంది, ఆ అంకె సున్నాకు వచ్చింది. క్లౌడ్ వాడే ప్రతివారూ ఈ అంకెను చూడటం నేర్చుకోవాలని నా కోరిక.

స్నాప్‌షాట్లు, అంటే మెషీన్ ఒక క్షణంలో ఉన్న స్థితిని పట్టి ఉంచేవి, అప్‌గ్రేడ్‌కు ముందు తీసుకోవడానికి చాలా మంచివి. బ్యాకప్ అనుకుని నెలల తరబడి ఉంచుకోకండి, అసలు డిస్క్ పోతే అవీ పోతాయి. గెస్టుల మధ్య గోడలు గట్టివే. అయినా 2018లో బయటపడ్డ స్పెక్టర్, ఎల్1టీఎఫ్ అనే, పక్కవారి డేటా లీకయ్యే ప్రాసెసర్ లోపాల తర్వాత, ఇతరుల కోడ్ నడిపే హోస్ట్‌లో ఒకే కోరును రెండుగా వాడుకునే హైపర్‌థ్రెడింగ్ ఆపేశాను. వేగం కొంత తగ్గింది, నిద్ర బాగా పడుతోంది.

ఈమధ్యే కొత్త సర్వర్ కొని మెషీన్లన్నిటినీ దాని మీదికి మార్చాను. డిస్కులు నెట్‌వర్క్ స్టోరేజీలో ఉన్నాయి కాబట్టి కదలాల్సింది మెమరీ మాత్రమే. గెస్ట్ నడుస్తుండగానే మెమరీ అవతలికి కాపీ అవుతుంది. ఈలోగా మారిన పేజీలు మళ్లీ కాపీ అవుతాయి. మిగిలింది అతి కొద్దిగా అయ్యాక గెస్ట్ ఒక్క క్షణం ఆగి అవతల లేస్తుంది. రెండు సర్వర్ల ప్రాసెసర్లూ వేరు తరాలవి కనుక, గెస్టులకు రెండిటికీ ఉమ్మడిగా సరిపోయే సీపీయూ మోడల్‌ను ముందే ఎంచి పెట్టాను. నేను లాగిన్ అయి ఉన్న ఒక మెషీన్ అలా ఇల్లు మారింది, కనెక్షన్ తెగలేదు. పది మెషీన్లు మధ్యాహ్నానికే చేరుకున్నాయి. డేటాబేస్ మాత్రం మొండికేసింది. నెట్‌వర్క్ మోసుకెళ్లే వేగాన్ని మించి అది పేజీలను మారుస్తోంది, కాపీ ఎంతకీ తెగలేదు. ఆపేసి, రాతలు తగ్గిన అర్ధరాత్రి మళ్లీ ప్రయత్నించాను. ఈసారి నిమిషంన్నరలో కొత్త యంత్రం మీదికి వచ్చేసింది.