నాలా పనికి డబ్బు: హడ్కో అప్పా, మున్సిపల్ బాండ్లా?

2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగి ఇళ్లు మునగడం హన్మకొండ వాళ్లకు గుర్తే. అలాంటి నాలాలను బాగుచేసే పనులకు కార్పొరేషన్ డబ్బు ఎక్కడ తేవాలి? హడ్కో దగ్గర అప్పు చేయాలా, బాండ్లు (వడ్డీతో తిరిగిచ్చే అప్పు పత్రాలు) మదుపరులకు అమ్మాలా?

శ్రమ: హడ్కో 1970లో పుట్టిన, ఇళ్లకు, పట్టణ పనులకు అప్పిచ్చే కేంద్ర సర్కారు సంస్థ, మామూలుగా రాష్ట్రం గ్యారంటీ ఉంటే దారి సులువు. బాండ్లకైతే సెబీ (మార్కెట్ నియంత్రణ సంస్థ) 2015 నిబంధనలు పాటించాలి, రేటింగ్ (అప్పు తీర్చే సత్తాకు ఇచ్చే గ్రేడు), ఆడిటైన లెక్కలు కావాలి. అసలు చిక్కు ఇక్కడే. ఇంటిపన్ను బకాయిలు పేరుకుంటే రేటింగ్ దగ్గరే టెన్షన్ మొదలు.

వడ్డీ: జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ కార్పొరేషన్) 2018లో బాండ్లతో 8.9 శాతానికి 200 కోట్లు తెచ్చింది. అది హైదరాబాద్ కాబట్టి అనుకోండి!

రిస్క్: హడ్కో సొమ్ము పని సాగేకొద్దీ విడతలుగా వస్తుంది. బాండ్ల సొమ్ము ముందే చేతికొస్తుంది, పని ఆగినా వడ్డీ ఆగదు.

పైసా రాబడి లేని నాలాకు, రాష్ట్రం వెనక నిలబడితే, హడ్కోనే. నల్లా బిల్లులు సరిగ్గా వసూలయ్యే మంచినీళ్ల పథకానికైతే బాండ్లు.